కరువు నేలలో పిల్లలు నేర్చుకొనే పాఠాలు

జూన్ నెల వచ్చిందంటే మన ప్రాంతంలో ఏ ఇంటికి వెళ్ళినా పెద్దల నోట ఒకటే ప్రశ్న: "పదును ఎప్పుడవుతుందో?" దుక్కి దున్ని ఉంటారు, విత్తనాలు తెచ్చి ఉంటారు, అప్పు కూడా తెచ్చి ఉంటారు. ఈ మాటలన్నీ మూలన కూర్చొని లెక్కలు చేసుకొనే పిల్లవాడు వింటున్నాడని మనలో చాలామందికి తోచదు. అప్పు ఎంతో వాడికి తెలుసు. ఈసారీ పంట పోతే నాన్న బెంగళూరుకు కూలికి పోతాడని, అక్క పెళ్ళి మాట మళ్ళీ లేస్తుందని వాడికి తెలుసు. తెలిసి, చేయగలిగిందేమీ కనిపించక ఊరుకుంటాడు.

అలాంటి పిల్లలు కొందరు మా దగ్గరికి కడుపునొప్పితోనో, తలనొప్పితోనో వస్తారు. పరీక్షలన్నీ బాగానే ఉంటాయి. టానిక్ రాసివ్వమని తల్లి అడుగుతుంది. పక్కన కూర్చోబెట్టుకొని కాసేపు మాట్లాడితే అసలు సంగతి బయటపడుతుంది: నిద్ర పట్టడం లేదు, బడిలో మనసు నిలవడం లేదు. నొప్పి అబద్ధం కాదు. మనసులోని భయం ఒంట్లో నొప్పిగా మారడం ఈ వయసులో మామూలే. అయితే దానికి మందు సీసాలో దొరకదు.

ఈ నెల పాఠం దాని గురించే. పది నుండి పంతొమ్మిదేళ్ళ మధ్య పిల్లలకు బ్రతుకు నేర్పే కార్యక్రమాలు ఎలా ఉండాలి? వారు పుట్టిన ఈ ఎండు నేలను చూసుకోవడం అందులో ఎలా భాగమవుతుంది?

జీవన నైపుణ్యాలు అంటే

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలోనే బడుల కోసం పది జీవన నైపుణ్యాలను గుర్తించింది. నిర్ణయం తీసుకోవడం, సమస్యను విడదీసి చూడడం, కొత్తగా ఆలోచించడం, విన్నదాన్ని నిజమా అని పరీక్షించడం, మనసులోని మాట స్పష్టంగా చెప్పడం, నలుగురితో కలిసి మెలగడం, తన్ను తాను తెలుసుకోవడం, ఎదుటివారి బాధ అర్థం చేసుకోవడం, కోపం దుఃఖం వంటి భావాలను అదుపులో ఉంచుకోవడం, ఒత్తిడిని తట్టుకోవడం. ఇవి ఆరోగ్యానికి సంబంధించినవి ఎందుకయ్యాయి? మొదటి బీడీ, మొదటి గుట్కా పొట్లం, మొదటి సారా గ్లాసు స్నేహితుడి చేతి నుండే వస్తుంది. "వద్దు" అనడం చేతకాని పిల్లవాడికి పొగాకు హాని గురించి ఎంత చెప్పినా అది పుస్తకంలోనే ఉండిపోతుంది.

పది మాటలూ బోర్డు మీద రాసి పిల్లల చేత వల్లె వేయించడం సులభం. అలా చేసిన శిబిరాలు నేనూ నడిపాను కాబట్టి చెబుతున్నాను, దానివల్ల పెద్దగా ఏమీ రాదు. ఈత గురించి పాఠం చెప్పినంత మాత్రాన ఈత రాదు కదా. చెడిపోవడానికి వీలున్న ఒక నిజమైన పని చేతికి ఇచ్చినప్పుడే ఈ నైపుణ్యాలు అలవడతాయి.

చేతులు కడిగిన చోట

కొన్నేళ్ళ క్రితం యౌవనస్థుల శిబిరంలో భాగంగా మా ఆవరణలో యాభై మొక్కలు నాటించాము. జూన్ నెల, పర్యావరణ దినోత్సవం. పాటలు, ఫోటోలు, అందరికీ మజ్జిగ. వంతుల పట్టిక కూడా వేశాము. ఆగస్టు బెట్టకు పట్టిక గోడ మీదే ఉంది గాని నీళ్ళు పోసేవారు లేరు. మరుసటి వేసవికి మిగిలినవి ఏడు.

మళ్ళీ శిబిరం పెట్టినప్పుడు ఈ సంగతి దాచిపెట్టాలనే అనిపించింది. చివరికి పిల్లలను తోట చుట్టూ త్రిప్పి, "ఇవి ఎందుకు పోయాయో, ఆ ఏడూ ఎందుకు బ్రతికాయో చూసి చెప్పండి" అన్నాను. ఒకరు మేకలన్నారు, ఒకరు నేల మంచిది కాదన్నారు. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు చాలాసేపు తిరిగి వచ్చి, "సిస్టర్, మనం నీళ్ళు పోసినందుకు బతకలేదు అవి. రోగుల తాలూకు వాళ్ళు చేతులు, పళ్ళాలు కడుక్కొనే కాడ ఉండేటివే బతికినాయి" అన్నాడు.

నిజమే. రోజూ వాటి దగ్గరే తిరిగే నాకు అది కనిపించలేదు. ఆ సంవత్సరం మేము యాభై నాటలేదు. పది నాటాము, అన్నీ వాడుక నీరు పారే కాలువ వెంబడే. పిల్లలే చోటు చూశారు, పిల్లలే పాదులు చేశారు. సమస్యను విడదీసి చూడడం, విన్నదాన్ని పరీక్షించడం, పెద్దల ముందు ధైర్యంగా మాట చెప్పడం, ఈ మూడూ ఆ పిల్లవాడు ఒక పూటలో చేసి చూపాడు. మేము చేసిన మంచి పని ఒక్కటే, మా ఓటమిని వాడి ముందు పెట్టడం.

కల్పవల్లి గుట్టలు

మన దగ్గరే ఇంతకంటే చాలా పెద్ద ఉదాహరణ ఉంది. 1990లో చెన్నేకొత్తపల్లి దగ్గర సి.కె. గంగూలీ, మేరీ వట్టమట్టం, వారి మిత్రులు 32 ఎకరాల బీడు నేల కొని టింబక్టు కలెక్టివ్ అనే సంస్థను ప్రారంభించారు. (ఆ మండలం 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. నేల మాత్రం అదే మన ఎర్ర నేల.) చెట్టూ చేమా నరికివేతకు, పశువుల మేతకు, ఏటా వేసవి మంటలకు గురై గుట్టలు బోడులై ఉన్న కాలమది. తరువాతి ఏళ్ళలో చుట్టుపక్కల గ్రామాల వారు ఆ సంస్థ తోడ్పాటుతో రొద్దం, చెన్నేకొత్తపల్లి, రామగిరి మండలాల్లోని బంజరు గుట్టలను కాపాడడం మొదలుపెట్టారు. కల్పవల్లి అని పిలిచే ఆ అడవి ఇప్పుడు 7000 ఎకరాలకు పైగా ఉంది. జింకలు, తోడేళ్ళు, చిరుతలు తిరుగుతాయి. గడ్డి, ఈత ఆకు, పండ్లు పల్లెవాసులకు పనికొస్తాయి.

అక్కడ మొక్కలు నాటడం, విత్తనాలు చల్లడం కూడా జరిగింది. కాని అంతకంటే ముఖ్యమైన పని మంటను ఆపడం. మన నేలలో వేర్లు, మొదళ్ళు, విత్తనాలు చాలాకాలం బ్రతికే ఉంటాయి. ఏటా కాలిపోకుండా, మేకల నోట పడకుండా కొన్నేళ్ళు వదిలిపెడితే అవే చిగురిస్తాయి. జనవరి దాటితే బోద గడ్డి ఎండి నిలబడుతుంది. ఎవరో ఆర్పకుండా పారేసిన బీడీ ముక్క చాలు, ఇరవై ఏళ్ళ శ్రమ ఒక మధ్యాహ్నంలో బూడిద కావడానికి. అందుకే గడ్డిని పట్టీగా తీసివేసి ఖాళీ దారి వదులుతారు. దాన్నే ఫైర్ లైన్ అంటారు. మంట అక్కడికి వచ్చి, తినడానికి ఏమీ లేక ఆగిపోతుంది.

ఫైర్ లైన్ సంగతి నేను శిబిరంలో వేరే ఉద్దేశంతో కూడా చెబుతాను. కోపం వచ్చినప్పుడు, ఎవరైనా రెచ్చగొట్టినప్పుడు, సెల్‌ఫోన్‌లో ఎవరో ఏదో పంపమని అడిగినప్పుడు మంట రావడానికి ముందే నీ దగ్గర ఖాళీ దారి ఉందా అని అడుగుతాను. పది నిమిషాలు ఆగడం ఒక ఫైర్ లైన్. అమ్మకో, టీచరుకో చెప్పడం మరొకటి. గుట్ట మీద మంట చూసిన మన పిల్లలకు ఈ పోలిక వెంటనే అందుతుంది.

టింబక్టు వారు 1990లలోనే ఆ తోటలోనే ప్రకృతి బడి పేరుతో పిల్లలకు బడి కూడా నడిపారు. ఏ చెట్ల మధ్య కూర్చొని చదువుకుంటున్నారో ఆ చెట్లు ఎలా తిరిగి వచ్చాయో పిల్లలకు కళ్ళ ముందే ఉండడం ఆ బడి ప్రత్యేకత. అన్ని బడులకూ అంత చోటు ఉండదు. అయినా మన దేశంలో పర్యావరణ విద్య అన్ని స్థాయిల్లో తప్పనిసరి అని 1991లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2001లో కేంద్ర ప్రభుత్వం జాతీయ హరిత దళం పేరుతో బడుల్లో ఎకో క్లబ్బులు మొదలుపెట్టింది. మీ పిల్లల బడిలో ఎకో క్లబ్బు ఉందో లేదో, ఉంటే ఏం చేస్తున్నదో ఒకసారి ఉపాధ్యాయులను అడగండి. చాలాచోట్ల ఒక్క ఉపాధ్యాయుడి పట్టుదల మీదే అది నడుస్తుంది. అలాంటి వారికి తల్లిదండ్రులు ఒక మాట సాయం చేసినా బలమే.

ఎప్పుడు నాటాలి, ఎలా బ్రతికించాలి

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డుకుంటాయి, తూర్పు తీరం నుండి వచ్చే ఈశాన్య వానలు ఇంత దూరం వచ్చేసరికి అలసిపోతాయి. రెంటికీ మధ్య మిగిలిపోయిన నేల మనది. ఎక్కువ వాన పడేది సెప్టెంబరులో. జూన్‌లో ఒక వాన పడి, జూలై ఆగస్టుల్లో గాలి, బెట్ట ఉండడం మనకు కొత్త కాదు. అలాంటప్పుడు జూన్ 5న నాటిన మొక్క ఎలా బ్రతుకుతుంది? ఆ రోజు గుంతలు త్రవ్వండి, ఎరువు వేయండి, విత్తనాలు నానబెట్టి సంచుల్లో నారు పెట్టండి. నాటడం మంచి వానలు పట్టిన తరువాతే. తేదీని కాక నేలను చూసి నిర్ణయించడం కూడా పిల్లలకు పాఠమే. వేప, కానుగ, చింత, రేగు, సీతాఫలం ఈ నేలకు అలవాటుపడినవి. రంగురంగుల పూల మొక్కలు చూడడానికి బాగుంటాయి గాని మన వేసవిలో నీళ్ళు మోసేది ఎవరు?

బెట్టలో మొక్కను నిలబెట్టడానికి కుండ పద్ధతి మంచిది. నున్నటి పూత లేని మామూలు మట్టికుండను మొక్కకు జానెడు దూరంలో మెడ వరకు పూడ్చండి. నీళ్ళు నింపి మూత పెట్టండి. కుండ గోడల సన్నని రంధ్రాల గుండా నీరు నెమ్మదిగా ఊరి వేళ్ళకు చేరుతుంది, ఎండకు ఆవిరైపోదు. మూత మరువకండి. డెంగీ దోమ ఇలాంటి నిలువ నీటిలోనే గ్రుడ్లు పెడుతుంది. గ్రుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు చాలు. అందుకే ప్రతి శుక్రవారం ఇంట్లోని తొట్లు, డ్రమ్ములు, పాత టైర్లు ఖాళీ చేసి ఆరబెట్టమని మేము చెబుతుంటాము. చెట్టుకు కుండ చూసుకొనే పిల్లవాడికే ఇంటి తొట్టి బాధ్యత కూడా ఇవ్వండి.

ఇంటి కప్పు మీద లెక్క

ఇప్పుడు పిల్లలతో చేయించదగిన ఒక లెక్క. ఒక చదరపు మీటరు చోట ఒక మిల్లీమీటరు వాన పడితే అది ఒక లీటరు నీరు. ముప్పై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు గల మిద్దె సుమారు 55 చదరపు మీటర్లు. ఇరవై మిల్లీమీటర్ల వాన పడితే దాని మీద 1100 లీటర్లు పడినట్లు. ఐదో వంతు పోయినా 880 లీటర్లు, అంటే పదిహేను లీటర్ల బిందెలు దాదాపు అరవై. ఏడాది మొత్తం లెక్క కడితే ఆ ఒక్క మిద్దె మీద 30,000 లీటర్లు పడుతుంది. బోరు దగ్గర వరుసలో నిలబడి నాలుగు బిందెలు తెచ్చుకొనే ఇంట్లో ఈ లెక్క ఒక ఆడపిల్ల తన నోటితో నాన్నకు చెబితే ఎలా ఉంటుందో ఆలోచించండి. తొట్టి కట్టడానికి డబ్బు లేకపోవచ్చు. కనీసం గొట్టం పెట్టి ఒక డ్రమ్ముకో, ఇంకుడు గుంతకో మళ్ళించవచ్చు. తొలి వానకు కప్పు మీది దుమ్ము, పిట్టల రెట్ట కొట్టుకువస్తాయి కాబట్టి ఆ నీరు పట్టుకోకూడదు. తరువాతి నీటినైనా వడగట్టి, కాచి త్రాగాలి.

త్రాగే నీటి గురించి ఇంకొక మాట. మన రాతి నేలలో లోతైన బోర్ల నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే గ్రామాలు ఉన్నాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీరు త్రాగడానికి పనికిరాదు. పళ్ళు లోపల తయారయ్యే చిన్న వయసులో ఆ నీరు త్రాగిన పిల్లలకు పళ్ళ మీద తెల్లని, గోధుమ రంగు మచ్చలు వస్తాయి, ఎన్ని పళ్ళపొడులు వాడినా అవి పోవు. ఏళ్ళ తరబడి త్రాగితే ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోతాయి. నీటిని కాచితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు. ఇది చాలామంది పొరబడే విషయం. మీ ఊరి బోరు నీటిని పరీక్ష చేయించమని పంచాయతీకి అర్జీ రాయడం యౌవనస్థుల కూటానికి మంచి పని. అర్జీ రాయడం, అధికారి ముందు భయపడకుండా నిలబడి మాట్లాడడం, జవాబు రాకపోతే మళ్ళీ వెళ్ళడం, ఇవన్నీ అందులో నేర్చుకుంటారు.

వాన నీరు, వర్షమాపకం, కుండ, విత్తనం అన్నీ సెలవుల్లో జరిగే వి.బి.ఎస్. తరగతుల్లో సులువుగా ఇముడుతాయి. రంగు కాగితాలతో చెట్టు బొమ్మ చేయించే బదులు ఒక్కొక్కరికి ఒక వేపగింజ, ఒక నోటుబుక్కు ఇచ్చి చూడండి.

పిల్లల మడి

వంద సంవత్సరాల క్రితం అమెరికాలో ఇలాంటి ఆలోచనే ఒకటి మొదలైంది. కొత్త విత్తనాలు, కొత్త పద్ధతులు పెద్ద రైతులు నమ్మి వాడడం లేదు. అప్పుడు 1902లో ఒహాయో రాష్ట్రంలో ఎ.బి. గ్రాహం అనే బడి అధికారి పిల్లలకు వ్యవసాయ క్లబ్బు మొదలుపెట్టాడు. పిల్లలు తమ చిన్న మడిలో కొత్త పద్ధతిలో పంట పండించి చూపారు, ఇంటికి వెళ్ళి పెద్దలకు చెప్పారు. అలా పెరిగినదే 4-హెచ్ అనే ఉద్యమం. తల, హృదయం, చేతులు, ఆరోగ్యం అనే నాలుగు మాటలకు ఇంగ్లీషులో మొదటి అక్షరం హెచ్. నాలుగోది ఆరోగ్యం కావడం ఆసుపత్రివాళ్ళమైన మాకు నచ్చుతుంది.

మన జిల్లాలో వేరుశనగ ఏడు లక్షల హెక్టార్లు దాటిన ఏళ్ళున్నాయి. అంత నేలలో ఒకే పంట వేసి, వాన తప్పితే అంతా ఒకేసారి పోగొట్టుకున్న అనుభవం ప్రతి ఇంటికీ ఉంది. తాతల నాటి కొర్రలు, సామలు, అరికెలు, సజ్జలు తక్కువ వానకే పండుతాయి, పైగా పీచు ఎక్కువ. పొలం మార్చమని పిల్లవాడు తండ్రిని ఒప్పించలేడు, ఒప్పించవలసిన బరువు వాడి మీద పెట్టనూ కూడదు. కాని పెరట్లోనో గట్టు పక్కనో మంచమంత మడి వాడిది కావచ్చు. అందులో కొర్ర వేస్తాడో, అలసంద వేస్తాడో వాడే నిర్ణయించాలి. ఎండిపోతే తిట్టవద్దు, "ఏమయిందిరా నాయనా?" అని అడగండి. ఈ పని పేరుతో బడి మాన్పించడం, కూలికి పంపడం మాత్రం వేరే సంగతి, దాన్ని బాధ్యత అనరు.

ఆడపిల్లలకు కూడా మడి ఇవ్వాలి, ఆట కూడా ఇవ్వాలి. 2010లో టెన్నిస్ క్రీడాకారుడు రఫేల్ నాదల్ పేరిట ఉన్న సంస్థ, ఇక్కడి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టుతో కలిసి అనంతపురంలో ఒక టెన్నిస్ పాఠశాల ప్రారంభించింది. పేద పిల్లలకు ఆటతోపాటు ఇంగ్లీషు, కంప్యూటరు నేర్పుతూ, వారి ఆహారం గురించి కూడా పట్టించుకొన్న కార్యక్రమం అది. ఓడినా ఎదుటివారితో చేయి కలిపి మళ్ళీ రేపు రావడం కోర్టులో నేర్చుకున్న అమ్మాయికి, పద్దెనిమిదేళ్ళు నిండకముందే వచ్చిన పెళ్ళి సంబంధానికి "ఇప్పుడు కాదు నాన్నా" అనడానికి గొంతు లేస్తుందని నా నమ్మకం.

వాన రాని సంవత్సరం

ఇవన్నీ చేసినా వాన రాని సంవత్సరాలు వస్తాయి. అప్పుడు పిల్లలతో ఏం మాట్లాడాలి? అబద్ధం చెప్పవద్దు, అంతా చెప్పనూ వద్దు. "ఈసారి కష్టంగా ఉంది. అమ్మ, నేను చూసుకుంటున్నాము. నీ చదువు ఆగదు" అని ఒక్క మాట అంటే వాడి కడుపునొప్పి సగం తగ్గుతుంది. ఇంట్లో ఎవరైనా, పెద్దవారైనా పిల్లలైనా, తిండి నిద్ర మాని ఒంటరిగా ఉంటూ చావు మాటలు మాట్లాడుతుంటే ఊరుకోకండి. "చనిపోవాలనిపిస్తున్నదా?" అని నేరుగా అడగవచ్చు. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు, చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. ఆ రోజుల్లో వారిని ఒంటరిగా వదలకండి. పురుగుమందులు ఎప్పుడూ ఇంటి బయట తాళం వేసిన పెట్టెలో ఉంచండి. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416, ఏ వేళనైనా తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు అక్కర లేదు. పిల్లల ఏ ఆపదకైనా 1098. ఈ రెండు నంబర్లూ పిల్లల నోటుబుక్కు అట్ట మీద రాయించండి, ఎప్పుడు వాడాలో వారికే చెప్పండి. స్నేహితుడు రహస్యంగా చెప్పిన చావు మాటను పెద్దవారికి చెప్పడం ద్రోహం కాదని కూడా వారికి తెలియాలి.

ఇక ఈ వారం పని. అడుగు నుండి అంచు వరకు ఒకే వెడల్పు ఉన్న ఖాళీ డబ్బా ఒకటి తీసుకోండి. చెట్లకు, గోడలకు దూరంగా, గాలికి పడకుండా మూడు రాళ్ళ మధ్య పెట్టండి. వాన పడిన మరునాడు ఉదయం ఎనిమిదిన్నరకు పిల్లవాడి చేత స్కేలుతో లోతు కొలిపించండి. వాతావరణ శాఖవారు కొలిచేదీ ఆ వేళకే. ఎన్ని మిల్లీమీటర్లో నోటుబుక్కులో తేదీ వేసి రాయించండి. వాన పడని రోజు సున్నా రాయాలి, ఖాళీగా వదలకూడదు. డబ్బాలో ఉన్న నీళ్ళు మొక్క పాదులో పోయించండి.